ఎండ అంచనా ఫ్యాక్టరీ గేటు దాటాలి

2024 మే మొదటి వారంలో ఉత్తర తెలంగాణలో పలుచోట్ల పగటి ఉష్ణోగ్రత 46 డిగ్రీలు దాటింది. హైదరాబాద్ చుట్టుపక్కల కూడా మధ్యాహ్నం పూట జనం గడప దాటడానికి భయపడ్డారు. ఎండలు తగ్గుముఖం పడతాయని, ఉరుములు మెరుపులతో వానలు కురుస్తాయని వాతావరణ శాఖ ముందే చెప్పింది. చెప్పినట్టే మే 7 సాయంత్రం వాన దంచికొట్టింది. ఎండకు వేగిపోయిన నగరం హమ్మయ్య అనుకుంది. అదే వానకు బాచుపల్లిలో నిర్మాణంలో ఉన్న ఓ అపార్ట్‌మెంట్ దగ్గర రిటైనింగ్ వాల్ కూలి, దాన్ని ఆనుకుని షెడ్లలో తలదాచుకుంటున్న కూలీల మీద పడింది. ఏడుగురు చనిపోయారు. వారిలో ఓ పసివాడు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన కుటుంబాలవి. బాచుపల్లి దాటితే బొల్లారం పారిశ్రామికవాడ ఎంతో దూరం లేదు.

అదే నెల 26న ఈదురుగాలులు, పిడుగులు రాష్ట్రంలో 13 మందిని బలి తీసుకున్నాయి. ఎక్కువ మంది నాగర్‌కర్నూల్ జిల్లా వాళ్లే. కడుతున్న కోళ్ల షెడ్డు కూలి ఒక్కచోటే నలుగురు పోయారు. రోహిణి కార్తె ఎండ, ఆ ఎండ వెనకాలే వచ్చే గాలివాన మనకు కొత్త కాదు. అవి వస్తాయని మూడు నాలుగు రోజుల ముందు చెప్పగల శాస్త్రం, గాలివాన ఏ మండలం మీదికి కదులుతోందో గంటా రెండు గంటల ముందు చూడగల రాడార్ మనకు ఇప్పుడున్నాయి. అయినా చనిపోయేవాళ్లు మాత్రం ప్రతిసారీ అవే షెడ్లలో, అవే గోడల కింద, అవే పొలాల్లో చనిపోతున్నారు. కాబట్టి లోపం ఆకాశాన్ని చూడటంలో కన్నా, చూసింది కింద పనిచేసేవాడి దాకా చేర్చి, దాని మీద ఎవరో ఒకరు నిర్ణయం తీసుకునేలా చేయడంలోనే ఎక్కువగా ఉంది. ఆ లోపం కొట్టొచ్చినట్టు కనిపించే చోటు పటాన్‌చెరు, సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంతం.

ఇక్కడి వాతావరణాన్ని ఇంత దగ్గరగా కొలిచిన ప్రాంతాలు దేశంలో తక్కువ. 1972లో అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ పటాన్‌చెరులో స్థిరపడింది ఇది అర్ధశుష్క ఉష్ణమండలానికి అచ్చమైన నమూనా కాబట్టే. ఏడాదికి ఇంచుమించు 900 మిల్లీమీటర్ల వాన, అందులో ముప్పాతిక భాగం నైరుతి రుతుపవనాల నాలుగు నెలల్లోనే. మిగిలిన కాలమంతా నేల ఎండి ఉంటుంది. ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఒకే క్షేత్రంలో ఉన్నాయి. ఐదు దశాబ్దాలుగా అక్కడి వాతావరణ కేంద్రం ఎండను, గాలిని, తేమను, వానను నమోదు చేస్తోంది. ఇది ఎడారి కాదు. కానీ ఏప్రిల్, మే నెలల్లో విదర్భ, మరాఠ్వాడాల మీదుగా పొడి గాలి వీచే మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 15 శాతానికి పడిపోయినప్పుడు ఎడారికీ దీనికీ తేడా పెద్దగా ఉండదు. ఆ సమాచారమంతా జొన్న, కంది, శనగ పంటలకు ఎంతో ఉపయోగపడింది. క్షేత్రం ప్రహరీ అవతల రియాక్టర్ల దగ్గర, బాయిలర్ల దగ్గర, ఫౌండ్రీల్లో నిలబడి పనిచేసే మనిషికి మాత్రం దానివల్ల ఒరిగింది స్వల్పం.

ఎందుకంటే వాతావరణ శాఖ కొలిచే ఎండ వేరు, కార్మికుడు భరించే ఎండ వేరు. ఉష్ణోగ్రత కొలిచే పద్ధతి ప్రపంచమంతా ఒకటే. తెల్ల రంగు వేసిన, గాలి ఆడేందుకు చీలికలున్న చెక్క పెట్టెలో, నేల నుంచి నాలుగడుగుల ఎత్తున, చుట్టూ ఖాళీ స్థలం ఉండేలా థర్మామీటర్ పెడతారు. ఎండ నేరుగా తగలదు, గోడల సెగ తాకదు. ఒక ఊరి గాలినీ ఇంకో ఊరి గాలినీ పోల్చడానికి అదే సరైన పద్ధతి. దాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ టీవీలో ‘నేడు 41 డిగ్రీలు’ అని వచ్చినప్పుడు అది ఆ పెట్టెలోని నీడ ఉష్ణోగ్రత. ఇక్కడి పాశమైలారం, గడ్డపోతారం పారిశ్రామికవాడల్లో సిమెంటు రేకుల కప్పు కింద, ఆవిరి గొట్టాల పక్కన, ముఖానికి మాస్కు, చేతులకు రబ్బరు గ్లౌజులు, మెడ నుంచి మోకాళ్ల దాకా ఆప్రాన్ తగిలించుకుని ఎనిమిది గంటలు, ఓవర్‌టైమ్ ఉంటే పన్నెండు గంటలు నిలబడేవాడి ఉష్ణోగ్రత కాదు.

వడగాడ్పుల హెచ్చరిక కొలమానం కూడా ఈ ప్రాంతానికి సరిగ్గా అమరలేదు. మైదాన ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండి, సాధారణం కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాడ్పు అంటారు. లేదా ఉష్ణోగ్రత నేరుగా 45 డిగ్రీలకు చేరాలి. 47కు చేరితే తీవ్ర వడగాడ్పు. పటాన్‌చెరు సముద్రమట్టానికి 540 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న పీఠభూమి మీద ఉంది. మే నెల సాధారణ గరిష్ఠమే 39, 40 డిగ్రీల మధ్య. అంటే ఇక్కడ వడగాడ్పు అని ప్రకటించాలంటే దాదాపు 44 డిగ్రీలు రావాలి. బేగంపేటలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 1966 జూన్ 2 నాటి 45.5 డిగ్రీలు. ఆ రికార్డు దశాబ్దాల తరబడి చెక్కుచెదరలేదు. రామగుండం, భద్రాచలం, నల్గొండలతో పోలిస్తే సంగారెడ్డి చల్లని జిల్లా. చలికాలంలో కోహీర్ రాష్ట్రంలోనే అత్యల్ప ఉష్ణోగ్రతలకు పేరుమోసింది. దాంతో వేసవి వడగాడ్పుల జాబితాలో ఈ జిల్లా పేరు తరచూ కింది వరసలోనే ఉంటుంది. అధికారులూ యజమానులూ ఇక్కడ అంత ప్రమాదం లేదనుకోవడానికి అది చాలు.

ఇక్కడ కాస్త లెక్కల్లోకి వెళ్లక తప్పదు. మన ఒంటికి చెమటే ప్రధాన రక్షణ. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుంది గానీ ఆరదు. ఈ తేడాను పట్టుకునేది వెట్ బల్బ్ ఉష్ణోగ్రత. థర్మామీటర్ బల్బుకు తడి గుడ్డ చుట్టి గాలిలో పెడితే అది ఎంతవరకు చల్లబడుతుందో అదే ఆ విలువ. గాలిలో 42 డిగ్రీల ఎండ, 15 శాతం తేమ ఉన్న రోజు లెక్క వేస్తే వెట్ బల్బ్ సుమారు 22 వస్తుంది. ఒక గాలివాన పడిన మర్నాడు ఎండ 36 డిగ్రీలకు దిగి తేమ 55 శాతానికి పెరిగిందనుకుందాం. వెట్ బల్బ్ 28 దాటుతుంది. థర్మామీటర్ ఆరు డిగ్రీలు తగ్గితే వెట్ బల్బ్ ఇంచుమించు అంతే పెరిగి, ఒంటి మీద భారం ఎక్కువైందన్నమాట.

కార్మిక ఆరోగ్య నిపుణులు ప్రపంచమంతటా వాడేది దీని మీద ఆధారపడిన మరో సూచీ, డబ్ల్యూబీజీటీ. 1950లలో అమెరికా మెరైన్ దళాల శిక్షణ శిబిరాల్లో కుర్రాళ్లు వడదెబ్బకు కుప్పకూలుతుంటే దాన్ని ఆపడానికి తయారైన సూచీ ఇది. ఇందులో వెట్ బల్బ్‌కు 70 శాతం వాటా, నల్లటి రాగి గోళంలో పెట్టిన థర్మామీటర్‌కు 20 శాతం, మామూలు గాలి ఉష్ణోగ్రతకు 10 శాతం. నల్ల గోళం ఎండనూ, వేడెక్కిన రేకుల సెగనూ, బాయిలర్ గోడ సెగనూ పీల్చుకుంటుంది కాబట్టి షెడ్డు లోపలి నిజం దానికి తెలుస్తుంది. పై రెండు రోజులకూ నీడలో ఈ సూచీ కడితే పొడి 42 డిగ్రీల రోజుకు దాదాపు 28, తేమతో కూడిన 36 డిగ్రీల రోజుకు దాదాపు 31 వస్తాయి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం వేడికి అలవాటు పడిన మనిషి ఓ మోస్తరు శ్రమను విరామం లేకుండా చేయగల హద్దు 28. బరువులు మోసే పనికైతే 26. గాలి చొరబడని రసాయన రక్షణ సూటు తొడుక్కుంటే కొలిచిన విలువకు ఇంకో 10 డిగ్రీలు కలుపుకుని చూడాలి. ఇదంతా సెగ లేని నీడకు కట్టిన లెక్క. రేకుల సెగ, బాయిలర్ సెగ కలిపితే ఏ అంకె వస్తుందో కొలిచినవాళ్లు పటాన్‌చెరులో బహు అరుదు.

అందుకే ఎర్రటి ఎండ కాసే రోజుల కన్నా, మొదటి వానలు పడి ఉక్కపోత మొదలైన రోజులంటే నాకు ఎక్కువ భయం. మే చివరి వారం, జూన్ మొదటి వారం. రోహిణి పోయి మృగశిర వస్తోందని ఊరంతా ఊపిరి పీల్చుకునే సమయం. చలివేంద్రాలు ఎత్తేస్తారు, ఓఆర్ఎస్ పొట్లాలు పంచడం ఆగిపోతుంది, పత్రికల్లో వడదెబ్బ వార్తలు లోపలి పేజీలకు పోతాయి. షెడ్డులో మాత్రం సూచీ పైకి ఎగబాకుతుంది. వానకు కరెంటు పోతే ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఆగుతాయి, ఉన్న గాలి కూడా ఆడదు. మన హెచ్చరికల వ్యవస్థ మొత్తం గాలి ఉష్ణోగ్రత అనే ఒక్క అంకె మీద నిలబడి ఉన్నంత కాలం ఈ రోజులు దాని కంట పడవు.

ఇక గాలివాన సంగతి. ఎండను అంచనా వేయడం కన్నా ఇది చాలా కష్టం. వేసవిలో వాతావరణ కేంద్రం ప్రకటనల్లో ‘సముద్రమట్టానికి 0.9 కిలోమీటర్ల ఎత్తున ద్రోణి కొనసాగుతోంది’ అన్న వాక్యం తరచూ చూస్తుంటాం. వాయవ్యం నుంచి వచ్చే పొడి గాలి, ఆగ్నేయాన బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ గాలి ఎదురుపడే గీత అది. విదర్భ, ఛత్తీస్‌గఢ్‌ల వైపు నుంచి తెలంగాణ మీదుగా దక్షిణాదికి సాగే ఆ గీత రోజుకో వంద కిలోమీటర్లు అటో ఇటో జరుగుతుంటుంది. దానికి ఏ పక్క ఉన్నామన్న దాన్ని బట్టే పటాన్‌చెరుకు ఆ రోజు పొడి వడగాలా, సాయంత్రానికి ఉరుముల వానా అన్నది తేలుతుంది. పొద్దంతా నేల కాగి, వేడి గాలి పైకి లేవాలని చూస్తుంది. పైన రెండు మూడు కిలోమీటర్ల ఎత్తున ఉన్న వెచ్చని పొర, ఉడుకుతున్న కుండ మీది మూతలా, దాన్ని అణచి ఉంచుతుంది. మూడు నాలుగు గంటల వేళ ఎక్కడో ఒకచోట ఆ మూత లేస్తుంది. అరగంటలో క్యుములోనింబస్ మేఘం పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు పెరుగుతుంది. మేఘం అడుగున గాలి పొడిగా ఉంటే పడుతున్న చినుకులు దారిలోనే ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తాయి. బరువెక్కిన ఆ చల్లగాలి ఒక్కసారిగా నేలకు దిగి నలుదిక్కులకూ తోసుకుపోతుంది. వాన మొదలవడానికి ముందే దుమ్ము లేచి, రేకులు ఎగిరి, హోర్డింగులు కూలేది దీనివల్లే.

ఈ మూత ఏ ఊరి మీద లేస్తుందో పొద్దున చెప్పడం ఇంకా ఎవరి వల్లా కావడం లేదు. వాతావరణ బెలూన్లు ప్రపంచమంతటా ఒకే వేళకు ఎగురుతాయి. మన కాలమానంలో అది ఉదయం 5.30, సాయంత్రం 5.30. బేగంపేట బెలూన్ తెల్లవారుజామున చూసిన గాలి మధ్యాహ్నం 3 గంటలకు అలాగే ఉండదు. 2025 మేలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ దేశాన్ని 6 కిలోమీటర్ల గళ్లుగా చూస్తోంది, అంతకు ముందు 12 కిలోమీటర్లు. ఇది పెద్ద ముందడుగే. కానీ ఉరుముల మేఘం గర్భం వెడల్పే అంత ఉంటుంది, దాని ఆయుష్షు గంట. గళ్లు ఎంత చిన్నవైనా పొద్దున్నే ‘ఇస్నాపూర్‌లో 4 గంటలకు’ అని చెప్పే రోజు దగ్గర్లో లేదు. చెప్పగలిగింది ‘ఈ సాయంత్రం ఉమ్మడి మెదక్ జిల్లాలో అక్కడక్కడా’ అన్నంత వరకే. మేఘం పుట్టిన తర్వాత మాత్రం రాడార్ దాన్ని పట్టుకుంటుంది. అప్పటి నుంచి మూడు గంటల లోపు ఇచ్చేదే తక్షణ హెచ్చరిక.

ఈ విషయంలో పటాన్‌చెరు అదృష్టవంతురాలు. రాడార్ కిరణం నేల వంపు వల్ల దూరం పోయేకొద్దీ పైకి పోతుంది. వంద కిలోమీటర్ల దూరానికి కిలోమీటరున్నర ఎత్తుకు చేరుతుంది. కింద జరిగేది కనపడదు. ఆదిలాబాద్, భద్రాచలం అడవుల్లో పుట్టే మేఘాలకు ఆ ఇబ్బంది ఉంది. పటాన్‌చెరు బేగంపేట రాడార్‌కు కంటి ముందే ఉంది. దానికి తోడు రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థ మండల మండలానా పెట్టిన ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు, రాష్ట్రమంతా వెయ్యికి పైగానే, ఎప్పటికప్పుడు గాలి వేగం, తేమ, వాన పంపుతుంటాయి. పిడుగుల కోసం పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ తెచ్చిన ‘దామిని’ యాప్ ఉంది. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజే 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డాయని విపత్తుల శాఖ లెక్కగట్టగలిగిందంటే కొలిచే శక్తి ఎంత పెరిగిందో తెలుస్తుంది.

మరి ఈ హెచ్చరిక ఎవరికి చేరుతోంది? ‘సంగారెడ్డి జిల్లాకు ఎల్లో అలర్ట్’ అంటారు. ఆ జిల్లా పటాన్‌చెరు నుంచి 65వ నంబర్ జాతీయ రహదారి వెంట జహీరాబాద్ దాకా 70 కిలోమీటర్లు. 2023 మార్చిలో కోహీర్ వైపు, పక్కనే వికారాబాద్ జిల్లా మర్పల్లిలో వడగళ్లు నేలను తెల్లగా కప్పేసినప్పుడు మంచు కురిసిందా అన్నంతగా వీడియోలు వచ్చాయి. అదే జిల్లాలో ఇంకో కొసకు చుక్క పడని రోజులు ఎన్నో. జిల్లా మొత్తానికి వారంలో నాలుగు రోజులు పసుపు రంగు పూస్తే ఐదో రోజు దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌కు ఆ మెసేజ్ వచ్చినా, క్రేన్ ఆపాలా, పరంజా మీది మనుషుల్ని దించాలా, డ్రమ్ములు ఎత్తించాలా అన్నది దానిలో ఉండదు. ఆపితే ఉత్పత్తి నష్టానికి జవాబు చెప్పాల్సింది ఆయనే. ఆపకపోతే అడిగేవాడు లేడు.

రసాయన పరిశ్రమలకు ఈ హెచ్చరిక విలువ ఇంకా ఎక్కువ. చాలా రియాక్టర్లలో జరిగే చర్యలు వేడిని పుట్టిస్తాయి. చల్లటి ద్రవం చుట్టూ తిరుగుతుంటేనే అవి అదుపులో ఉంటాయి. ఈదురుగాలికి తీగలు తెగి కరెంటు పోతే జనరేటర్ అందుకునే దాకా ఆ క్షణాలు కీలకం. సాయంత్రం గాలివాన ఖాయమని మధ్యాహ్నమే తెలిస్తే ప్రమాదకరమైన బ్యాచ్‌ను రెండు గంటలు వాయిదా వేయవచ్చు. జనరేటర్‌ను ముందే సిద్ధం చేసుకోవచ్చు. మరో సంగతి కూడా చెప్పాలి. వాన మొదలవగానే కొన్ని పరిశ్రమలు వ్యర్థ జలాలను వరదలోకి వదిలేస్తాయని నక్కవాగు వెంట ఊళ్లవాళ్లు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు. ఆ వాగు కలిసేది మంజీరలో. 1990లో సుప్రీంకోర్టుకెక్కిన ఈ కాలుష్యం కేసు ఏళ్ల తరబడి నడిచింది. రాడార్ మీద మేఘం కనిపించిన గంటలోపే కాలుష్య నియంత్రణ మండలి బృందం వాగు గట్టున నమూనా సీసాలతో ఉంటే ఆ ఫిర్యాదుల్లో నిజమెంతో తేలిపోతుంది. గాలివాన అంచనాను ఇలా వాడవచ్చని ఇన్నేళ్లలో ఎవరికీ తట్టకపోవడం విచారకరం.

ఎడారిలో నగరం కట్టుకున్నవాళ్లు ఏం చేస్తున్నారో చూద్దాం. అమెరికాలో ఫీనిక్స్ నగరానికీ రుతుపవనం ఉంది. జూన్ నడుమ నుంచి సెప్టెంబరు దాకా ఎడారి ఎండ మీదికి ఉరుముల మేఘాలు వస్తాయి, వాటి ముందు దుమ్ము గోడలు లేస్తాయి. 2023 వేసవిలో అక్కడ వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. ఆ ఏడాది ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీ ఎండ సంబంధిత మరణాలు 645 అని ప్రకటించింది. సంపన్న దేశంలో అన్ని చావులు సిగ్గుచేటే. అయితే నేను చూసేది ఇంకొకటి. ఒక్కో మరణాన్నీ వైద్య పరీక్షాధికారి విచారించి, ఇంట్లోనా బయటా, ఏసీ ఉందా లేదా అన్నదాకా రాసి ఏటా జనం ముందు పెడుతున్నారు. అహ్మదాబాద్ నేర్చుకున్న పాఠమూ అదే. 2010 మేలో అక్కడ 46.8 డిగ్రీలు నమోదైన నెలలో మామూలు కన్నా 1,344 మంది ఎక్కువగా చనిపోయారని లెక్క తేల్చాకే, 2013లో దేశంలో తొలి ఎండ కార్యాచరణ ప్రణాళిక పుట్టింది.

మన దగ్గర 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా వడదెబ్బకు బలయ్యారు. ఆ తర్వాత ప్రణాళికలు వచ్చాయి, చల్లని పైకప్పుల విధానాన్ని 2023లో దేశంలో మొదట తెచ్చింది తెలంగాణే. 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి మృతుల కుటుంబాలకు పరిహారాన్ని 4 లక్షల రూపాయలకు పెంచింది. మంచి నిర్ణయం, మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. కానీ ఆ పరిహారం రావాలంటే అది వడదెబ్బ మరణమేనని తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారి కలిసి ధ్రువీకరించాలి. పొలంలో పడిపోయిన రైతుకూలీ విషయంలో ఊరంతా సాక్ష్యం చెబుతుంది. షిఫ్ట్ ముగించుకుని గదికి పోయి, రాత్రి నిద్రలోనే పోయిన బిహార్ కుర్రాడికి ఎవరు చెబుతారు? గుండెపోటు అని రాసి, మృతదేహాన్ని రైలెక్కిస్తే లెక్క అక్కడితో ముగిసిపోతుంది.

ఆ కుర్రాడే అందరికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్నాడు. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అమెరికా కార్మిక భద్రతా సంస్థ చెప్పేది, ఎండలో పనిచేస్తూ చనిపోయేవారిలో అత్యధికులు పనిలో చేరిన మొదటి వారంలోనే పోతున్నారని. అందుకే కొత్తవాడికి మొదటి రోజు ఐదో వంతు పనే ఇవ్వాలని, రోజుకింత పెంచుకుంటూ పోవాలని దాని సలహా. ఏప్రిల్ చివర్లో మధ్యాహ్నం రెండు గంటలకు, బి షిఫ్ట్ మారే వేళ ఇస్నాపూర్ చౌరస్తాలో కాసేపు నిలబడి చూస్తే మన పద్ధతి కనిపిస్తుంది. ‘ఎ’ షిఫ్ట్ దిగి ఆటోల కోసం నిలబడ్డవాళ్ల చొక్కాల వీపుల మీద ఎండిన చెమట ఉప్పు తెల్లగా చారలు కట్టి ఉంటుంది. భుజాన బ్యాగుతో, చేతిలో నీళ్ల సీసాతో అప్పుడే బస్సు దిగిన కొత్త మొహాలు లేబర్ కాంట్రాక్టర్ కోసం వెతుక్కుంటుంటాయి. వాళ్లలో కొందరు ఆ సాయంత్రమే ఫుల్ షిఫ్ట్‌కు ఎక్కుతారు.

మన కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు పోయినవాళ్ల కథ మనకు తెలిసిందే. అక్కడి ఎండకు ఎన్ని కుటుంబాలు దిక్కులేనివయ్యాయో కూడా తెలుసు. ఆ చావుల మీద ప్రపంచమంతా నిలదీశాకే ఖతార్ 2021లో కొత్త నియమం తెచ్చింది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట పని నిషేధం. దానితో పాటు, ఏ వేళైనా సరే డబ్ల్యూబీజీటీ 32.1 దాటితే పని ఆపి తీరాలి. దాని అమలులో లోపాలు లేవని అనను. కానీ ఒక అంకె ఉంది, ఆ అంకె దాటితే పని ఆగాలన్న చట్టం ఉంది. పటాన్‌చెరులో పనిచేసే మనిషికి అలాంటి అంకె ఏదీ గోడ మీద కనిపించదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్ పని గదుల్లో ఆరోగ్యానికి హాని కలగని ఉష్ణోగ్రత ఉండాలని, దానికి ప్రమాణాలను రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించవచ్చని చెప్పింది. కొత్త కార్మిక భద్రతా కోడ్‌లోనూ గాలి, ఉష్ణోగ్రత, తేమల ప్రస్తావన ఉంది. అధికారం లేదనడానికి వీల్లేదు.

చేయాల్సింది కొండలు పిండి చేసే పనేం కాదు. డబ్ల్యూబీజీటీ మీటరు చేతిలో ఇమిడే పరికరం. ఒక పరిశ్రమ ఒక్కరోజు వాడే డీజిల్ ఖర్చు ముందు దాని ధర లెక్కలోకి రాదు. ప్రతి షెడ్డులో దాన్ని పెట్టి, గంట గంటకూ రాసి, అంకెను కార్మికులకు కనపడేలా బోర్డు మీద వేయాలి. ఇక్రిశాట్ అయిదు దశాబ్దాల రికార్డు, కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ విజ్ఞానం, బేగంపేట వాతావరణ కేంద్రం రాడార్, ఈ మూడూ ముప్పై నలభై కిలోమీటర్ల లోపే ఉన్నాయి. బయటి అంచనాకూ షెడ్డు లోపలి వేడికీ సంబంధం ఏమిటో ఒక్క వేసవి కొలిస్తే చాలు, మర్నాటి అంచనాను చూసి మర్నాటి షిఫ్టులు మార్చుకోవచ్చు. తక్షణ హెచ్చరిక జిల్లా పేరుతో కాకుండా పాశమైలారం, బొల్లారం, బొంతపల్లి అని పారిశ్రామికవాడ పేరుతో రావాలి. ఆ వాడల్లో ప్రమాద సైరన్లు ఎలాగూ ఉన్నాయి. పిడుగుల మేఘం దగ్గరపడితే మోగించడానికి కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. వేసవి మొదలు కాకముందే లేబర్ క్యాంపుల చుట్టూ ఉన్న ప్రహరీలనూ రిటైనింగ్ గోడలనూ ఇంజినీర్లు వెళ్లి చూడాలి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండకపోతే ఇవన్నీ కాగితాల మీదే మిగులుతాయి. హెచ్చరిక వల్ల ఆగిన గంటలకు కూలి కోయకూడదు. పని ఆగితే పైసలు పోతాయని తెలిస్తే కార్మికుడే మీటరును పట్టించుకోవద్దంటాడు. ఊరికి పంపాల్సిన డబ్బు, తీర్చాల్సిన అప్పు అతన్ని ఆ మాట అనిపిస్తాయి. పర్మినెంట్ కార్మికుడికీ, కాంట్రాక్ట్ కార్మికుడికీ ఈ విషయంలో తేడా ఉండకూడదు. ఇప్పుడు జరుగుతున్నది అందుకు పూర్తిగా తలకిందులు. వేడి పనులు, బరువు పనులు కాంట్రాక్ట్ వాళ్లవి. ఏసీ కంట్రోల్ రూమ్ పర్మినెంట్ వాళ్లది.

పరిశ్రమల యాజమాన్యాలు ఖర్చు గురించి మాట్లాడతాయి. వేడికి తల తిరిగిన ఆపరేటర్ వాల్వ్ తప్పుగా తిప్పితే అయ్యే ఖర్చు ఏమిటో, ఘోరమైన ఫ్యాక్టరీ పేలుడును చూసిన పాశమైలారానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రమాదాలకు కారణాలు వేరువేరు కావచ్చు. కానీ అలసిన మెదడుతో రసాయనాల మధ్య పని చేయించడం ఏ భద్రతా నిపుణుడూ ఒప్పుకోని సంగతి.

వేసవి మార్చిలో మొదలవుతుంది. ఫ్యాక్టరీల శాఖ, కార్మిక శాఖ, విపత్తు నిర్వహణ శాఖ కలిసి ఫిబ్రవరి ముగిసేలోగా ఒక్క ఉత్తర్వు ఇవ్వాలి. అందులో పని ఆపాల్సిన డబ్ల్యూబీజీటీ అంకె, ఆగిన గంటలకు పూర్తి కూలి, కొత్తగా చేరినవాడికి మొదటి వారం తక్కువ పని, పారిశ్రామికవాడలో పనిచేస్తూ చనిపోయిన ప్రతి వ్యక్తి విషయంలో ఆ రోజు వేడి ఎంతుందో నమోదు చేయాలన్న నిబంధన ఉండాలి. సంగారెడ్డి కలెక్టర్ ముందుగా ఒక్క పాశమైలారంలో అమలు చేసి చూపినా చాలు. అంచనా వేసేవాళ్లు తమ పని చేస్తున్నారు. ఇక ఆదేశం ఇవ్వాల్సినవాళ్లు ఇవ్వాలి.